నీళ్ళు దిగాక చేను ఎందుకు చచ్చిపోయింది? మొక్కల్లో జన్యువుల మీటల గురించి

2022 జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. ఆ వారం వానలకి పశ్చిమ గోదావరిలో మా ఊరి మురుగు కాలవ పొంగి మా పల్లపు చేను మునిగిపోయింది. స్వర్ణ నాట్లు వేసి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. ఎనిమిది రోజుల తరవాత నీళ్ళు దిగాయి. ఆ రాత్రి నాన్న ఫోన్ చేసి చేను పచ్చగానే ఉందన్నారు. "అయితే ఇంక పర్వాలేదు నాన్నా" అన్నాను.

మూడు రోజుల తరవాత మళ్ళీ ఫోను. "మొత్తం పడిపోయిందిరా. నీళ్ళల్లో ఉన్నన్నాళ్ళూ బతికి, ఎండ తగలగానే చచ్చిందేవిట్రా? అంత చదువు చదివావుగా, చెప్పు."

నా దగ్గర సమాధానం లేదు. నేను ఇంటర్లో ఎంపీసీ. జీవశాస్త్రం పదో తరగతితో సరి. ఇక్కడికొచ్చి ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో ఎమ్మెస్ చేసి, పన్నెండేళ్ళుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. "కనుక్కుని చెప్తాను నాన్నా" అని ఫోను పెట్టేసి, ఆ రాత్రే చదవడం మొదలుపెట్టాను. నాలాగే ఊళ్ళో పొలం, ఇక్కడ ఉద్యోగం ఉన్నవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు కనుక, తెలుసుకున్నది ఒక క్రమంలో పెట్టి రాస్తున్నాను. జీవశాస్త్రం తెలియకపోయినా అర్థమయ్యేలా రాయడానికి ప్రయత్నించాను.

జన్యువు ఉండడం వేరు, పని చెయ్యడం వేరు

వరి జన్యుపటాన్ని పూర్తిగా చదవడం 2005లో ముగిసింది. ఆ అంతర్జాతీయ పథకంలో భారతదేశానికి కూడా భాగం ఉంది. వరిలో జన్యువులు సుమారు 40 వేలు. వేరులో ఉన్న కణంలోనూ, ఆకులో ఉన్న కణంలోనూ, గింజలోనూ అవే 40 వేలు ఉంటాయి. మరి వేరు వేరులాగా, ఆకు ఆకులాగా ఎందుకున్నాయి? ఏ కణంలో ఏ జన్యువులు పని చేస్తున్నాయన్న దాన్ని బట్టి.

జన్యువు అంటే ఒక ప్రోటీను తయారు చెయ్యడానికి కావలసిన సూచనల పట్టిక. ఆ పట్టికకి ముందు ప్రమోటర్ అనే ఒక చిన్న భాగం ఉంటుంది. అది మీట. ఆ మీట మీద చెయ్యి వేసే ప్రోటీన్లు వేరే ఉన్నాయి, వాటిని ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అంటారు. ప్రమోటర్‌లో ఐదారు అక్షరాల చిన్న వరుస కనబడితే అవి అక్కడ అతుక్కుంటాయి. ఉదాహరణకి సి-సి-జి-ఎ-సి అన్న వరుస ఎండకీ, చలికీ స్పందించే జన్యువుల ముందు కనబడుతుంది. డ్రెబ్ అనే ప్రోటీన్లు ఆ వరుసని పట్టుకుంటాయి. ఒకే వరుస వందల జన్యువుల ముందు ఉంటే, ఒక్క డ్రెబ్ వందల మీటలని ఒకేసారి నొక్కగలదు. మన భాషలో చెప్పాలంటే ఒక ఈవెంట్‌కి వందల ప్రోగ్రాములు చెవులు రిక్కించుకుని కూర్చున్నాయన్న మాట.

జంతువుకి కష్టం వస్తే పారిపోతుంది. నాటిన చోటనే ఉండాల్సిన మొక్కకి ఈ మీటలే కాళ్ళు.

కబుర్లు మోసే హార్మోన్లు

ఎండిపోతున్న వేరు ఆ సంగతి ఆకుకి ఎలా చెబుతుంది? మొక్కకి నరాలు లేవు. చిన్న చిన్న రసాయనాలే కబుర్లు మోస్తాయి. ముఖ్యమైనవి ఇవి:

• ఆక్సిన్: ఎటు పెరగాలి, వేరు ఎక్కడ పుట్టాలి అన్నది చెబుతుంది.
• సైటోకైనిన్: కణాల విభజనని పెంచుతుంది. వరి కంకిలో గింజల లెక్క దీని మీద ఆధారపడుతుంది.
• జిబ్బరెల్లిన్: పొడుగు పెరగమని చెబుతుంది.
• ఆబ్సిసిక్ ఆమ్లం: నీళ్ళు తక్కువయ్యాయని చెబుతుంది.
• ఎథిలీన్: ఇది వాయువు. కాయని పండిస్తుంది, ముంపుని పసిగడుతుంది.
• జాస్మోనిక్ ఆమ్లం: పురుగు కొరికిందని చెబుతుంది.

వీటిలో ఎథిలీన్‌తో మనకి ఎప్పటినుంచో పరిచయం ఉంది. వేసవిలో మామిడికాయలని గడ్డిలో ముగ్గబెడతాం కదా, అప్పుడు జరిగేది కాయల నుంచి వచ్చే ఎథిలీన్ బయటికి పోకుండా కాయల మధ్యనే నిలవడం. ఒక కాయ పండితే మిగతావాటిని తొందరపెడుతుంది. ఈ సంగతి మనసులో ఉంచుకోండి, మా చేను కథలో మళ్ళీ వస్తుంది.

అడ్డు తీసేసే పద్ధతి

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించిన విషయం ఇది. హార్మోను వచ్చి నేరుగా మీట నొక్కుతుందని అనుకున్నాను. చాలా చోట్ల అలా జరగదు. మీట మీద అప్పటికే ఒక అడ్డు కూర్చుని ఉంటుంది, హార్మోను వచ్చి ఆ అడ్డుని తీయిస్తుంది.

జిబ్బరెల్లిన్ సంగతి చూడండి. 1926లో జపాన్ శాస్త్రవేత్త కురొసావా, తైవాన్‌లో పని చేస్తూ, వరి నారు పిచ్చిగా పొడుగు పెరిగి పడిపోయే ఒక తెగులుకి కారణం బూజు విడిచే ఒక పదార్థమని చూపించాడు. ఆ పదార్థానికే తరవాత జిబ్బరెల్లిన్ అని పేరొచ్చింది. మొక్క కూడా దీన్ని స్వయంగా తయారు చేసుకుంటుంది. మామూలు సమయంలో డెల్లా అనే ప్రోటీన్లు పెరుగుదల జన్యువులని ఆపి ఉంచుతాయి. జిబ్బరెల్లిన్ వచ్చి తన గ్రాహకంలో కూర్చోగానే ఆ జంట డెల్లాని పట్టుకుంటుంది. పట్టుబడ్డ డెల్లాకి కణం ఒక చీటీ అంటిస్తుంది, చీటీ ఉన్న ప్రోటీన్లని ముక్కలు చేసే యంత్రం దాన్ని నలిపేస్తుంది. అడ్డు పోయింది, మొక్క పొడుగు సాగుతుంది. ఈ గ్రాహకాన్ని 2005లో మొదట కనుక్కున్నది వరిలోనే. ఆక్సిన్, జాస్మోనిక్ ఆమ్లం కూడా ఇదే పద్ధతిలో తమ తమ అడ్డులని నలిపిస్తాయి.

ఇందులో లాభం ఏమిటి? కొత్త ప్రోటీను తయారు చెయ్యాలంటే సమయం పడుతుంది. అన్నీ సిద్ధంగా పెట్టుకుని బ్రేకు మీద కాలు ఉంచితే, కాలు తియ్యడం క్షణాల పని.

ఈ మీట మన జిల్లా చరిత్రని కూడా మార్చింది. 1966లో విడుదలైన ఐఆర్8 పొట్టి వరిలో జిబ్బరెల్లిన్ తయారు చేసే ఒక జన్యువు చెడిపోయి ఉంది. అందుకే ఎరువు ఎంత వేసినా పొడుగు సాగి పడిపోకుండా, గింజ పట్టి నిలబడింది. ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు 1967లో ఆ ఐఆర్8 పండించి చుట్టుపక్కల ఊళ్ళకి దారి చూపించారు. ఆ పొట్టితనానికి కారణమైన జన్యువు ఏదో శాస్త్రవేత్తలకి తెలిసింది మాత్రం 2002లో.

ఎండ వస్తే

నీళ్ళు తగ్గితే మొక్కలో ఆబ్సిసిక్ ఆమ్లం పెరుగుతుంది. మొదటి పని నిమిషాల్లో జరుగుతుంది: ఆకు రంధ్రాలు మూసుకుంటాయి. దీనికి జన్యువులతో పని లేదు, కణం లోపలి లవణాలు బయటికి పోవడంతోనే రంధ్రం మూతపడుతుంది. రెండో పని నెమ్మది. కణాలు ఎండకి తట్టుకునే ప్రోటీన్లూ, చక్కెరలూ తయారు చేసుకోవాలి. దానికి జన్యువులు మేలుకోవాలి.

ఈ హార్మోను 1960లలోనే తెలిసినా, దాన్ని పట్టుకునే గ్రాహకం ఏదో చాలా ఏళ్ళు తేలలేదు. 2009లో అమెరికాలో షాన్ కట్లర్ బృందం, జర్మనీలో ఎర్విన్ గ్రిల్ బృందం విడివిడిగా తేల్చాయి. తేలిన తరవాత చూస్తే ఇక్కడ కూడా అదే వరస. మామూలు రోజుల్లో ఒక ప్రోటీను, మీట నొక్కాల్సిన ఇంకో ప్రోటీన్‌ని నిద్రపుచ్చి ఉంచుతుంది. ఆబ్సిసిక్ ఆమ్లం తన గ్రాహకంలో కూర్చోగానే ఆ జంట వెళ్ళి నిద్రపుచ్చేవాడి నోరు మూస్తుంది. రెండోవాడు లేచి, మీటల మీద చెయ్యి వేసే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లని తట్టి లేపుతాడు. సర్క్యూట్లు చదువుకున్నవాళ్ళకి ఇది వరసగా పెట్టిన రెండు నాట్ గేట్లు.

ముంపు వస్తే

ఇప్పుడు మా చేలోకి వద్దాం. నీళ్ళలో వాయువుల కదలిక గాలిలో కంటే సుమారు 10 వేల రెట్లు నెమ్మది. మునిగిన మొక్కకి దీనివల్ల రెండు కష్టాలు. ప్రాణవాయువు లోపలికి రాదు. తనలో పుట్టే ఎథిలీన్ బయటికి పోదు. గడ్డిలో ముగ్గబెట్టిన మామిడికాయల్లో లాగే ఎథిలీన్ లోపలే పేరుకుంటుంది. "నేను మునిగాను" అన్న కబురు వరికి అందేది ముఖ్యంగా ఇలాగే.

మామూలు వరిలో ఆ కబురుతో పొడుగు పెరిగే జన్యువులు మేలుకుంటాయి, డెల్లా అడ్డు తగ్గిపోతుంది. ఎలాగైనా నీటిపైకి ఒక ఆకు చేరిస్తే గాలి దొరుకుతుందని మొక్క ప్రయత్నం. నీళ్ళు జానెడు ఎక్కువైతే ఈ ఉపాయం పనిచేస్తుంది. మూడు వారాల నాటు మీద మూడడుగుల బురద నీళ్ళు వారం దాటి నిలిస్తే పని చెయ్యదు. బురద నీళ్ళలో వెలుతురు లేక కొత్త ఆహారం తయారు కాదు. దాచుకున్న పిండిపదార్థమంతా పొడుగు సాగడానికే ఖర్చవుతుంది.

నీళ్ళు దిగిన రోజున చేను పచ్చగా కనబడడానికి కారణం అదే. ఆకులు సాగి పచ్చగానే ఉంటాయి, లోపల ఖజానా ఖాళీ. సన్నగా సాగిన కాడ నిలబడలేక వాలిపోతుంది. పైగా ఒక్కసారిగా గాలీ, ఎండా తగలడంతో కణాల్లో విషపు ఆక్సిజన్ రూపాలు పుట్టుకొస్తాయి, ఆకు తేమ త్వరగా పోతుంది. ముంపు నుంచి బయటపడ్డ మొక్కకి మర్నాడే వచ్చేది కరువు. నాన్న అడిగిన ప్రశ్నకి సమాధానం ఇదీ. మొక్కని నీళ్ళు సగమే చంపాయి. నీళ్ళలో ఉండగా అది పెట్టిన ఖర్చూ, తరవాత వచ్చిన ఎండా మిగతా సగం పూర్తి చేశాయి.

ఒడిశా వరి చేసిన పని

ఒడిశాలోని ఒక పాత వరి నుంచి ఎంపిక చేసిన ఎఫ్ఆర్13ఎ అనే రకం, పూర్తిగా మునిగినా సుమారు రెండు వారాలు బతకగలదు. దాని రుచీ, దిగుబడీ గొప్పవి కావు కనుక రైతులు పెద్దగా వెయ్యలేదు. 1996లో దాని ఓర్పుకి కారణం తొమ్మిదో క్రోమోజోము మీద ఒక చోట ఉందని తేలింది. 2006లో డేవిడ్ మెకిల్, పమేలా రోనాల్డ్, జూలియా బెయిలీ-సెర్రెస్ బృందాలు ఆ చోట ఉన్న అసలు జన్యువుని పట్టుకున్నాయి. దాని పేరు సబ్1ఎ. అది కూడా ఒక ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టరే, ఎథిలీన్ కబురుకి మేలుకునే కుటుంబంలోది. కొన్ని వరి రకాల్లో ఈ జన్యువే లేదు. మరికొన్నింట్లో ఉన్నా, ముంపుకి పనికిరాని రూపంలో ఉంది.

సబ్1ఎ చేసే పని వింటే ఎవరైనా తల పంకించాల్సిందే. ఎథిలీన్ పేరుకోగానే ఇది మేలుకుని, డెల్లా కుటుంబపు అడ్డులని తగ్గనివ్వకుండా పెంచుతుంది. జిబ్బరెల్లిన్ ఎంత అరిచినా మొక్క వినదు. పిండిపదార్థాన్ని కరిగించే జన్యువుల పని తగ్గుతుంది. అంతేకాక ఎథిలీన్ ఉత్పత్తిని కూడా ఇది తగ్గిస్తుంది. మా కంట్రోల్ సిస్టమ్స్ పాఠంలో నెగటివ్ ఫీడ్‌బ్యాక్ అని చదివింది అచ్చంగా ఇదే. మొక్క పెరగదు, ఖర్చు పెట్టదు, ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. నీళ్ళు దిగాక దాచిన పిండితో మళ్ళీ చిగురిస్తుంది. 2011లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ముంపు తరవాత వచ్చే ఎండనీ, విషపు ఆక్సిజన్‌నీ తట్టుకోవడానికి కూడా సబ్1ఎ సాయపడుతుంది.

విచిత్రం ఏమిటంటే, ఇదే కుటుంబంలోని ఇంకో రెండు జన్యువులు సరిగ్గా దీనికి వ్యతిరేకం. లోతు నీళ్ళల్లో పెరిగే వరి రకాల్లో స్నార్కెల్ అనే జన్యువుల జంట ఉందని 2009లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. వాటికీ అదే ఎథిలీన్ కబురు అందుతుంది. అవి మాత్రం మొక్కని రోజుకి 20 సెంటీమీటర్ల దాకా సాగదీసి నీటిపైకి చేరుస్తాయి. నెలల తరబడి నీళ్ళు నిలిచే చోట సాగడమే బతుకు. వారం పది రోజుల్లో నీళ్ళు దిగే చోట ఓర్చుకోవడమే బతుకు. కబురు ఒక్కటే. ఏం చెయ్యాలన్నది ఆ మొక్క పుట్టిన నేల నేర్పింది.

జన్యువులకి జ్ఞాపకం

ఒక్క మాట ఇక్కడ చెప్పి ముందుకు వెళ్తాను. డీఎన్ఏ కణంలో విడిగా పడి ఉండదు, హిస్టోన్లనే ప్రోటీన్ల చుట్టూ దారపు ఉండలా చుట్టుకుని ఉంటుంది. చుట్టు బిగుసుకుంటే మీట అందదు. చలి దేశాల గోధుమ శీతాకాలం గడిచాకనే పూత పూయడానికి కారణం ఇదే రకం సర్దుబాటు: వారాల తరబడి చలి తగిలితే పూతని నియంత్రించే జన్యువుల దగ్గర హిస్టోన్ల గుర్తులు మారతాయి, చలి పోయినా ఆ మార్పు నిలుస్తుంది. మొక్కకి మెదడు లేకపోయినా గడిచిన కాలం గుర్తుంటుంది.

ప్రయోగశాల నుంచి పొలానికి

మా చేలో వేసిన స్వర్ణ, అంటే ఎమ్‌టీయూ 7029, మా జిల్లా మార్టేరు పరిశోధనా కేంద్రం 1982లో విడుదల చేసిన రకం. దాని తల్లిదండ్రుల్లో ఒకటైన మసూరి మలేషియాలో రూపుదిద్దుకుంది. తూర్పు భారతదేశమంతా, బంగ్లాదేశ్ దాకా, స్వర్ణ పాకింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో ఈ స్వర్ణలోకి సబ్1ఎ ఉన్న చోటుని మామూలు సంకరం ద్వారానే తెచ్చారు. ప్రతి తరంలోనూ డీఎన్ఏ గుర్తులు చూసి, మిగతా అంతా స్వర్ణే ఉండేలా మొక్కలని ఏరారు. 2007లో ప్రచురించిన ఆ పరిశోధనలో మొదటి పేరు హైదరాబాదు వరి పరిశోధనా సంస్థ శాస్త్రవేత్త సి.ఎన్. నీరజ గారిది. 2009లో స్వర్ణ-సబ్1 మన దేశంలో విడుదలయింది.

ఒడిశాలో 128 గ్రామాల్లో జరిపిన ఒక పరీక్ష ఫలితాలు 2013లో వచ్చాయి. చేను 10 రోజులు మునిగితే స్వర్ణ-సబ్1 దిగుబడి మామూలు రకం కంటే సుమారు 45 శాతం ఎక్కువ. ముంపు లేకపోతే నష్టమేమీ లేదు. ఆ పరీక్షలో తేలిన ఇంకో సంగతి నన్ను ఆలోచనలో పడేసింది. ఎక్కువ మునిగే పల్లపు భూములు ఎక్కువగా దళిత రైతుల చేతుల్లో ఉన్నాయి కనుక, ఈ విత్తనం లాభం వాళ్ళకే ఎక్కువ అందుతుంది. మెరక భూమి ఎవరికి దక్కింది, పల్లం ఎవరికి మిగిలింది అన్నది మన ఊళ్ళల్లో ఎవరికీ తెలియని విషయం కాదు.

2025 మేలో భారత ప్రభుత్వం జన్యు సవరణతో చేసిన రెండు వరి రకాలని ప్రకటించింది. రెండింటి మూలాలూ మన దగ్గరివే. బాపట్ల సాంబ మసూరిలో సైటోకైనిన్‌ని విరగ్గొట్టే జన్యువుని సవరించి, హైదరాబాదు సంస్థ 'కమల' తయారు చేసింది. మార్టేరు కాటన్‌దొర సన్నాలులో, ఆకు రంధ్రాలు మూసుకోకుండా ఆపే డీఎస్‌టీ అనే జన్యువుని సవరించి ఢిల్లీ సంస్థ ఇంకో రకం తయారు చేసింది. రెండు చోట్లా చేసింది ఒక అడ్డుని తీసెయ్యడమే. పొలం పరీక్షల అంకెల మీద విమర్శలు కూడా వచ్చాయి కనుక, విత్తనం కొనేముందు స్థానిక కేంద్రంలో కనుక్కోవడం మంచిది.

చివరిగా

ఇదంతా నాన్నకి ఫోన్లో చెప్పడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. జిబ్బరెల్లిన్, డెల్లా అన్న పేర్లు ఆయనకి అక్కర్లేకపోయాయి. "అయితే మునిగినప్పుడు ఎదగాలని చూసిన చేను పోయింది, ఓర్చుకున్నది ఉంటుంది. అంతేగా?" అన్నారు. అంతే.

2023 సార్వాకి పల్లపు చేలో సగం స్వర్ణ-సబ్1, సగం మామూలు స్వర్ణ వేశారు. ఆ ఏడు మా చేను మునగలేదు. రెండు సగాలూ ఒకేలా ఎదిగాయి, ఏది ఏదో గట్టు మీద నుంచి చూస్తే తెలియలేదట. డిసెంబరు మొదటి వారంలో, కోతల ముందర, మిచౌంగ్ తుఫాను వచ్చింది. పండిన చేను రెండు సగాల్లోనూ ఒకేలా వాలిపోయింది. సబ్1ఎ పనికొచ్చేది లేత పైరు మొత్తం మునిగి, రెండు వారాల్లో బయటపడే ముంపుకి. నెలల తరబడి మోకాలి లోతు నిలిచే నీళ్ళకి గానీ, వెదజల్లిన విత్తనం మొలకెత్తేటప్పటి ముంపుకి గానీ, కోతల వేళ గాలివానకి గానీ అది పనికి రాదు. ఆ పనులకి వేరే జన్యువులు ఉన్నాయి, కొన్నింటిని ఇంకా వెతుకుతున్నారు.

మా మురుగు కాలవ పూడిక తీయించడం మాత్రం ఏ జన్యువు చెయ్యదు. ఆ అర్జీ నాన్న ఏటా ఇస్తూనే ఉన్నారు. మీ ఊళ్ళో పల్లపు భూమి ఉన్నవాళ్ళు ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఏ విత్తనం వేశారో, చేను ఎన్ని రోజులు మునిగితే నిలుస్తుందో ఒక్కసారి అడగండి. నేను ఆ ప్రశ్న ముందే అడిగి ఉండాల్సింది.